మెదడు: దాని ముఖ్యభాగములు, వాని పనులు



మన గ్రామములలో ప్రతి పొలమునకును నక్షా కలదు. ఏ గట్టు ఎవరిది, ఏ కాలువ ఎటు పాఱును, ఏ సర్వే నంబరు ప్రక్కన ఏ నంబరున్నది అను సంగతులను అక్షరము రాని రైతు సయితము తడుముకొనక చెప్పగలడు. జానెడు భూమికై క్రింది కోర్టు మొదలు పై కోర్టు వఱకు ఏండ్ల తరబడి వ్యాజ్యము నడపువారిని నేను నా వృత్తిలో నిత్యము చూచుచున్నాను. కాని, ఈ భూమి నాది యని తలచుచున్న ఆ మెదడునకును ఒక నక్షా కలదనియు, దానిలో చేతికొక చోటు, కంటికొక చోటు, మాటకొక చోటు ఏర్పడియున్నవనియు మనలో పట్టభద్రులైనవారు సయితము పలువు రెఱుగరు. ఈ యజ్ఞానమువలన కలుగు నష్టము భూమి తగవులవలన కలుగు నష్టముకంటె పెద్దది. దానిని నేనొక వ్యాజ్యములో కన్నులార చూచితిని. ఆ సంగతి ముందుగా విన్నవించి పిమ్మట పాఠమునకు వచ్చెదను.

ఒక వ్యాజ్యము

నేను వకాల్తా పుచ్చుకొనుట మొదలిడిన తొలియేండ్లలో కరీంనగరము జిల్లాలోని యొక పల్లెనుండి ముగ్గురు ముద్దాయిలు నాయొద్దకు వచ్చిరి. వారిలో ఒకనికి ఎనిమిదేండ్ల కుమారుడు కలడు. ఆ బాలునికి నెలకు రెండు మూడు మారులు ఒక విధమగు పట్టు వచ్చుచుండెను. ఊరిలోని మంత్రగాడు అది బాణామతి యని చెప్పి, పొరుగింటి విధవరాలగు నొక ముసలి అవ్వను చూపినాడు. చేతబడి చేయువారి పళ్ళు రాలగొట్టినచో మంత్రము పలుకలేరని మన ప్రాంతమున నొక దురాచారము కలదు. తండ్రియు, అతని బంధువులిద్దఱును ఆ యవ్వ పళ్ళు రాయితో రాలగొట్టిరి. ఆ తండ్రి క్రూరుడు కాడు. కన్నబిడ్డకై యేమైనను చేయుటకు సిద్ధపడినవాడు; ఏమి చేయవలెనో తెలియనివాడు.

విచారణకు ముందు నేను బాలుని తల్లిని ప్రశ్నించి ఆమె చెప్పినదానిని వ్రాసికొంటిని. “మొదాలు కుడిచేతి బొటనవేలు ఎగిరెపడ్తది సారూ. గటెన్క చెయ్యంత కొట్టుకుంటది. గటెన్క మూతి కుడిదిక్కు గుంజుతది. మాట రాదు. జరసేపటికి మంచిగనే లేస్తడు.” ఈ మాటలను నాకు పరిచయస్థుడైన యొక వైద్యునకు చదివి వినిపించితిని. ఆయన బాలుని చూడలేదు. ఆ పల్లెను చూడలేదు. ఒక కాగితముపై మెదడు బొమ్మ గీసి, ఎడమ ప్రక్కను నడుమ భాగమునకు కొంచెము ముందుగా, దిగువకు వ్రేలు పెట్టి, “ఇచ్చట ఏదో యున్నది, స్కానింగు తీయించుడు” అని చెప్పినాడు. తీయించితిమి. ఆయన వ్రేలు పెట్టిన చోటనే బద్దెపురుగు పిల్ల యొకటి చిన్న తిత్తి కట్టుకొని యుండెను.

ఆనాడు నాకు తెలిసినది ఇది. బాణామతియే నిజమైనచో అది శరీరమున తన యిష్టము వచ్చిన చోట పట్టవలెను. ఈ పట్టు అట్లు చేయలేదు. బొటనవ్రేలినుండి చేతికిని, చేతినుండి మూతికిని, మూతినుండి మాటకును వరుస తప్పక నడచినది. మెదడులో ఆ నాలుగింటి చోట్లును ఒకదాని ప్రక్క నొకటి యా వరుసనే యున్నవి. అనగా వ్యాధి నక్షా ననుసరించి నడచినది. నక్షా తెలిసినవాడు గుఱుతులను చూచి చోటును చెప్పగలడు. తెలియనివాడు పొరుగింటి యవ్వను చూపును. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఈ యొక్క మాటయే. తక్కినదంతయు నక్షా.

మెదడు మొత్తపు రూపము

పుఱ్ఱె యను పేటికలో మూడు పొరలు కప్పుకొని, నీటివంటి స్వచ్ఛమగు ద్రవములో తేలుచు మెదడున్నది. చూచుటకు అక్రోటుకాయ గుజ్జువలె ముడుతలు పడియుండును. పెద్దవారిలో దాని తూకము ఇంచుమించు 1,300 మొదలు 1,400 గ్రాముల వఱకు. శరీరపు బరువులో ఇది నూటికి రెండుపాళ్ళే యైనను, మనము పీల్చుకొను ప్రాణవాయువులో నూటికి ఇరువది పాళ్ళ వఱకు ఇదియే వాడుకొనును. కావుననే దానికి రక్తము నిలిచిపోయినచో పది సెకండ్లలో స్మృతి తప్పును. నాలుగైదు నిమిషములు గడచినచో దాని కణములు చావ నారంభించును.

ఈ కణములు సుమారు 8,600 కోట్లని 2009లో ప్రకటింపబడిన యొక లెక్క. ఒక్కొక్క కణము సన్నని పోగులచేత వేలకొలది కణములతో కలిసియుండును. కణములోపల వార్త విద్యుత్తు రూపమున పాఱును. ఒక కణమునుండి మఱియొక కణమునకు రసాయనద్రవ్యముల మూలమున దాటును. ఈ పనికి కావలసిన శక్తిని మోయు పదార్థము ఏటీపీ. దానిని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. మీరు ఈ వాక్యమును చదువునప్పుడు మీ తలలో వ్యయమగుచున్నది ఆ శక్తియే.

మెదడును మూడు అంతస్తుల యింటివలె భావించుకొనుడు. క్రింది యంతస్తు మెదడుకాండము. దాని వెనుకను చిన్నమెదడు. నడుమ లోగదులు. వీనియన్నిటిపైన గొడుగువలె పెద్దమెదడు. క్రిందినుండి పైకి పోవుదము.

మెదడుకాండము

వెన్నుపాము పుఱ్ఱెలో ప్రవేశించుచోట లావై కాండమగును. దీనిలో క్రిందిది మజ్జాముఖము, దానిపైన వారధివంటి భాగము, ఆపైన మధ్యమెదడు. ఊపిరి, గుండె కొట్టుకొనుట, రక్తపుపోటు, మ్రింగుట, దగ్గుట, కనుపాప ముడుచుకొనుట, మెలకువగా నుండుట ఇవి దీని యధీనములు. మనము నిద్రించినను ఇది నిద్రింపదు. పెద్దమెదడు పెక్కుభాగము చెడినను మనుష్యుడు బ్రతికియుండవచ్చును; ఇందు గోరంత గాయమైనను ప్రాణము పోవచ్చును.

దీని విషయమున మన హైదరాబాదులోనే యొక గొప్ప పరిశోధన జరిగినది. క్లోరోఫారము ఇచ్చిన రోగులలో కొందఱు మరణించుచుండగా, ముందు ఆగునది ఊపిరియా, గుండెయా యను వివాదము వైద్యలోకమున పుట్టెను. నిజాము ప్రభుత్వపు వ్యయముతో డాక్టరు ఎడ్వర్డు లారీ 1888లో ఒక సంఘమును, 1889లో రెండవ సంఘమును నడపి జంతువులపై ప్రయోగములు చేసి, ముందు ఆగునది ఊపిరియే యని తీర్పు చెప్పెను. ఆ తీర్పు పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారము తక్కువ మోతాదులోనే గుండెను తబ్బిబ్బుపఱచి హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ యను వైద్యుడు నిరూపించెను. ఆ మందు మజ్జాముఖమును మత్తుపఱచి ఊపిరిని ఆపుననుటయు నిజమే. గుండెను నేరుగా కొట్టుననుటయు నిజమే. పెద్దల తీర్పునైనను సాక్ష్యము తారుమారు చేయగలదు. శాస్త్రమున కదియే పై కోర్టు.

పుఱ్ఱె గట్టి పేటిక గనుక లోపల మెదడు వాచినచో ప్రక్కలకు పోవుటకు దారి లేదు. ఆ వాపు క్రిందికి నొక్కగా కాండము నలిగి ఊపిరి ఆగిపోవును. మెదడువాపు వ్యాధిలో పెక్కురు మరణించుట ఈ విధముననే. కాండము తిరిగి రాని విధముగా చచ్చినపుడు, యంత్రము ఊపిరి పోయుచున్నను ఆ మనుష్యుడు మరణించినట్లే యని మన దేశమున 1994 నాటి అవయవమార్పిడి చట్టము అంగీకరించినది. ప్రాణము ఎక్కడ నున్నదను పాతప్రశ్నకు న్యాయశాస్త్ర మిచ్చిన జవాబిది.

చిన్నమెదడు

కాండము వెనుక, మెడకు పైగా నున్నది చిన్నమెదడు. తూకములో ఇది మొత్తము మెదడులో పదియవవంతే యైనను, 8,600 కోట్ల కణములలో ఇంచుమించు 6,900 కోట్లు దీనిలోనే కిక్కిరిసి యున్నవి. కదలికను ఆరంభించుట దీని పని కాదు. ఆరంభమైన కదలికను కొలతకు తెచ్చుట, తూకము తప్పకుండ నిలుపుట, అభ్యాసముచేత చేతికి వడుపు కలిగించుట దీని పని.

కరీంనగరమున వెండితీగ పని చేయు కంసాలి వెండ్రుకవంటి తీగను త్రిప్పి పూవు కట్టునప్పుడు అతని వ్రేళ్ళను సరిదిద్దుచున్నది చిన్నమెదడు. దీపావళి దినములలో ఆదిలాబాదు గూడెములలో రాజగోండులు నెమలియీకల బరువైన కిరీటము తలనుంచుకొని గుస్సాడి యాడునప్పుడు పాదము తొట్రుపడకుండ కాపాడుచున్నది చిన్నమెదడు. కల్లు ఎక్కువైనవాడు దారిపొడవున తూలుచు పోవుటయు, మాట ముద్దగా వచ్చుటయు ఈ భాగము మత్తెక్కినందువలననే.

కల్లు ప్రసక్తి వచ్చినది గనుక మఱియొక మాట. కల్తీకల్లులో కలుపు క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రాజోలాము మొదలగునవి మెదడు కణముల వేగమును అణచును. నిత్యము వానిని త్రాగిన మెదడు ఆ యణచివేతకు ఎదురుగా తన వేగమును పెంచుకొనును. హఠాత్తుగా అది దొరకనినాడు ఆ వేగమునకు పగ్గములు లేక మూర్ఛలు, వణకు, లేనివి కనబడుట, పిచ్చికేకలు కలుగును. 2015లో కల్తీకల్లుపై దాడులు జరిగి సరకు నిలిచిపోయినప్పుడు నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో ఈ విధమగు రోగులు ఆసుపత్రులకు వచ్చిరి. అది దయ్యము పూనుట కాదు. మద్యపానమును నిందించు మనము, విడిచినవానిని ఒంటరిగా విడువక వైద్యునియొద్దకు చేర్చుటయు మన విధియే యని తెలియవలెను.

నడిమి లోగదులు

కాండముపైన, పెద్దమెదడునకు లోపల కొన్ని గదులు దాగియున్నవి. వానిలో థలామస్సు అనునది తపాలా కచ్చేరివంటిది. వాసన దప్ప కన్ను, చెవి, చర్మము మొదలగువానినుండి వచ్చు వార్తలన్నియు ఇచ్చట చేరి, తగిన విలాసమునకు పంపబడును. దాని క్రింద చిక్కుడుగింజంత హైపోథలామస్సు కలదు. ఆకలి, దప్పిక, శరీరపు వేడి, నిద్ర, గ్రంథుల రసములు దీని పరిపాలనలో నున్నవి. జ్వరము వచ్చుట యనగా ఈ గది శరీరపు వేడిమట్టమును పైకి జరపుటయే. ఇంకను లోతుగా కొన్ని ముద్దలు కదలికల పొందికను కాచును. ఇవి చెడినచో చేతివణకు, బిగుసుకొనిపోవుట కలుగును. దోమలవలన వచ్చు జపానీసు మెదడువాపు ఈ లోగదులను, ముఖ్యముగా థలామస్సును, ఎక్కువగా పట్టును. కావున ఆ వ్యాధినుండి బ్రతికిన పిల్లలలో కొందఱికి వంకరలు, వణకు మిగిలిపోవును. దానికి టీకా కలదు.

పెద్దమెదడు

ఇది కుడియెడమలుగా రెండు అర్ధములై, నడుమ పోగుల వంతెనచేత కలుపబడియున్నది. పైపొర రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల మందము మాత్రమే. మన తలపు, మాట, జ్ఞాపకము, వివేకము ముఖ్యముగా ఆ పొర పని. కుడిచేతిని కదలించునది ఎడమ అర్ధము. ఎడమచేతిని కదలించునది కుడి అర్ధము. పక్షవాతమున కుడిప్రక్క పడి మాటయు పోయినచో దెబ్బ తగిలినది ఎడమవైపు. ఒక్కొక్క అర్ధమును నాలుగు ఖండములుగా చెప్పుదురు.

మొదటిది నొసటి ఖండము. దీని వెనుక అంచున శరీరములోని కండరములన్నిటికి వరుసగా చోట్లు కలవు. మూర్ఛ బొటనవ్రేలినుండి ముఖమునకు ప్రాకు తీరును చూచి, మెదడులో ఇట్టి వరుస యుండితీరవలెనని ఇంగ్లండులో హ్యూలింగ్సు జాక్సను అను వైద్యుడు ఊహించెను. 1870లో ఫ్రిచ్, హిట్జిగ్ అను జర్మనులు కుక్క మెదడును విద్యుత్తుతో తాకి ఆ యూహ సరియని చూపిరి. 1937లో పెన్‌ఫీల్డు, బోల్డ్రీ యనువారు శస్త్రచికిత్సలో మెలకువగా నున్న రోగుల మెదడును తాకి మనుష్యుని నక్షాను సమకూర్చిరి. ఆ బాలుని తల్లి నాకు చెప్పినది అక్షరాల జాక్సను చూచినదే.

ఈ ఖండపు ముందుభాగము వివేకమునకు, ఓర్పునకు, ముందుచూపునకు స్థానము. 1848లో అమెరికాలో రైలుదారి పని చేయుచున్న ఫీనియాస్ గేజ్ అనువాని చెక్కిలినుండి నడినెత్తివఱకు ఇనుపగడ యొకటి దూసికొనిపోయెను. అతడు బ్రతికెను, నడచెను, మాటలాడెను. కాని నెమ్మదిగల మేస్త్రీ దుడుకువాడై, నోటికి అదుపు లేనివాడయ్యెనని అతని వైద్యుడు వ్రాసెను. గుణము ఆత్మకు సంబంధించినదని మనము నమ్మవచ్చును. కాని ఈ లోకమున అది వెలువడుటకు ఈ ఖండము కావలయునని ఒప్పుకొనకతప్పదు. పెద్దవయసున హఠాత్తుగా స్వభావము మాఱినవానిని “కొవ్వెక్కినది” అని తిట్టకమునుపు వైద్యునికి చూపవలెను.

ఎడమ నొసటి ఖండపు దిగువను మాట పుట్టుచోటు కలదు. 1861లో పారిసులో బ్రోకా యను వైద్యుడు, “టాన్” అను నొక్కమాట దప్ప పలుకలేని రోగి మరణించిన పిదప చూచి దీనిని కనుగొనెను. 1874లో వెర్నికె యను జర్మను వైద్యుడు దీనికి జంటగా మాటను అర్థము చేసికొను చోటును కణతఖండమున చూపెను. మొదటిది చెడినవాడు వినును, తెలిసికొనును, పలుకలేడు. రెండవది చెడినవాడు ధారాళముగా పలుకును. ఆ పలుకులకు అర్థముండదు. ఈ రెండవవానిని చూచి మన పల్లెలలో పిచ్చియనియు, దయ్యపు భాషయనియు అనుకొందురు. ఆదిలాబాదు సంతలో గోండీ, కొలామీ, తెలుగు, మరాఠీ, ఉర్దూలను ఒకే నోట మార్చి మార్చి పలుకువారు కలరు. అట్టి బహుభాషాజ్ఞానమునకును ఆధారము ముఖ్యముగా ఈ చోట్లే.

రెండవది నడితల ఖండము. తాకిడి, వేడి, నొప్పి, మన యంగము ఏ తీరున నున్నదను తెలివి దీని పని. చీకటిలో జేబులో చేయి పెట్టి రూపాయి బిళ్ళను తాళపుచెవినుండి వేఱుపఱచునది ఇదియే.

మూడవది కణతఖండము. వినుట దీని పని; దీని లోపలి మడతలో జ్ఞాపకమును నిలుపు హిప్పోకాంపస్సును, భయమును పుట్టించు బాదముగింజవంటి ముద్దయు కలవు. 1953లో మూర్ఛ మాన్పుటకై రెండు ప్రక్కల ఈ మడతలను తీసివేయగా, హెన్రీ మొలైసన్ అను అమెరికనుడు 2008లో మరణించువఱకు క్రొత్తసంగతి దేనిని నిలుపుకొనలేకపోయెను. అయినను అద్దములో చూచుచు బొమ్మ గీయుటవంటి చేతివడుపు అతనికి అలవడెను. జ్ఞాపకము ఒకటి కాదనియు, చేతి జ్ఞాపకము వేఱు, సంగతి జ్ఞాపకము వేఱనియు అతనివలన తెలిసెను. ఈ ఖండమున పుట్టు మూర్ఛలో కాళ్ళుచేతులు కొట్టుకొనకపోవచ్చును. లేని వాసన తగులుట, కారణములేని భయము, ఇదివఱకే జరిగినట్లు తోచుట, చూపు నిలిచిపోయి పెదవులు చప్పరించుట ఇవియే గుఱుతులు. “గాలి సోకినది” అని మనవా రనుదానిలో ఎంతభాగము ఈ ఖండపు వ్యాధియో ఆలోచింపుడు.

నాలుగవది వెనుకతల ఖండము. ఇది చూపు. కన్ను అద్దము మాత్రమే, చూచునది వెనుకతల. రష్యాజపానుల యుద్ధమున వెనుకతలకు తుపాకిగుండు తగిలిన సైనికులను పరీక్షించి, ఏచోట గాయమైన ఏదిక్కు చూపు పోవునో ఇనౌయె యను జపాను వైద్యుడు 1909లో ప్రకటించెను. కన్నులు చక్కగా నుండియు సగము లోకము కనబడనివారు ఉందురు.

2003 నాటి వేసవి

ఈ నక్షా తెలియుట పండితుల వినోదము కాదు. 2003 జూను మొదలు ఆగస్టు వఱకు కరీంనగరము, వరంగల్లు మొదలగు జిల్లాలలో పిల్లలకు తెలియని జ్వరము వచ్చెను. ఉదయము ఆడుకొన్న బిడ్డకు జ్వరము, వాంతి, మూర్ఛ, స్మృతి తప్పుట కలిగి, పెక్కుమంది ఒకటి రెండు దినములలోనే మరణించిరి. అప్పటి ఆంధ్రప్రదేశమున లెక్కకు వచ్చిన 329 మంది పిల్లలలో 183 మంది పోయిరి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు ఆ పిల్లలలో చాందీపురా వైరసును కనుగొనిరి. నాగపూరు చెంత చాందీపుర గ్రామమున 1965లో తొలిసారి దొరకినందున దాని కాపేరు వచ్చెను. మట్టిగోడల పగుళ్ళలోను పశువులకొట్టములలోను దాగు ఇసుకయీగ దానిని మోయునని తలచిరి. ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళములు మూసికొనుటయే యని వాదించిన వైద్యులును ఉండిరి. నేటికిని దీనికి టీకా లేదు, ప్రత్యేకమగు మందు లేదు. 2024లో గుజరాతున మఱల తలయెత్తెను.

మందులేని వ్యాధికి వైద్యుడెందుకని అడుగవచ్చును. మూర్ఛను ఆపుట, వాపును తగ్గించుట, ఊపిరిని నిలుపుట వైద్యుని చేతిలో నున్నవి. కాండము నలుగకమునుపు ఆసుపత్రి చేరుటకును, నలిగిన పిదప చేరుటకును గల భేదము కొన్ని గంటలు మాత్రమే. ఆ గంటలను మంత్రగాని యింట పోగొట్టినచో ఆ తరువాత ఎంతటి వైద్యుడైనను చేయగలిగినది స్వల్పము.

తిండియు మెదడును

దెబ్బయు పురుగును లేకయే మెదడు చెడుట కలదు. మన జిల్లాలలో తరతరములుగా జొన్నయే పేదల ముద్ద. జొన్నలు తప్ప మఱియొకటి ఎఱుగని కూలివారిలో ఎండ తగిలిన చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మనస్సు క్రుంగి మతి చలించుట అను మూడు గుఱుతుల పెల్లాగ్రా వ్యాధిని హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు పరిశీలించి 1960లో ప్రకటించిరి. జొన్నలోని ల్యూసీను ఎక్కువగుట కారణమని వారి సిద్ధాంతము. దానిపై పిమ్మట వాదములు జరిగినవి. కాని నయాసిను అను విటమినుచేత ఈ వ్యాధి కుదురునని 1937నుండియు తెలిసినదే. జొన్నరొట్టెతోపాటు పప్పు, పల్లీలు, పాలు దొరకినవానికి ఇది రాదు. మతిచలనమునకు భూతము కారణమని తలచినచోట కొన్నిమారులు కారణము కంచములోని లోపము.

మన కర్తవ్యము

మొదటిది, మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు ఒత్తిగిలించి పరుండబెట్టవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. చేతిలో తాళపుచెవి పెట్టుటవలనను, చెప్పు వాసన చూపుటవలనను మూర్ఛ ఆగదు. పెక్కు మూర్ఛలు రెండు మూడు నిమిషములలో తమంత ఆగును గనుక ఆ కీర్తి తాళపుచెవికి వచ్చినది. ఐదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి పోవలెను. రెండవది, మూతి వంకరపోయి, చేయి జారి, మాట తడబడినచో వెంటనే స్కానింగు గల ఆసుపత్రికి చేరవలెను. రక్తపుగడ్డ కరిగించు మందు నాలుగున్నర గంటలలోపల ఇచ్చినగాని ఫలింపదు. మూడవది, కుక్క కరచినచో గాయమును పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి టీకా వేయించుకొనవలెను. ఆ విషము నరముల వెంట మెదడును చేరి గుఱుతులు కనబడిన పిదప బ్రతుకువారు లేరనియే చెప్పవచ్చును. నాలుగవది, కూరాకులను చక్కగా కడిగి తినవలెను; ఆ బాలుని తలలోని పురుగు మలినమైన తిండితోపాటు గ్రుడ్డుగా కడుపు చేరినదే.

న్యాయశాస్త్రము ఈ విషయమున మనకంటె ముందున్నది. మతిచెడి తాను చేయుచున్నదేమో తెలియనివానికి నేరము లేదని 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 22వ సెక్షనులో అదియే నిలిచినది. మానసికరోగిని ఏవిధమగు సంకెళ్ళతోను బంధింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము 95వ సెక్షను శాసించుచున్నది. కాని బిడ్డకు మూర్ఛ వచ్చినదని అవ్వ పళ్ళు రాలగొట్టినవానికి ఏ సెక్షనును అడ్డము రాదు, రాకూడదు. నేను వాదించి ఓడితిని. ఓడుట న్యాయమే.

బాలుడు మందులు మ్రింగి బాగుపడినాడు. అవ్వకు పళ్ళు రాలేదు. శిక్ష పడిన దినమున ఆ తండ్రికి స్కానింగు చిత్రమును చూపి, పురుగున్న చోటును వ్రేలితో చూపితిని. అతడు చాలసేపు చూచి, “గీ ముచ్చట ముందుగాల మాకెవ్వలన్న చెప్పిండ్రా సారూ?” అని యడిగినాడు. నాయొద్ద జవాబు లేకపోయెను.

చదివిన సోదరులారా, చెప్పవలసినవారము మనమే. 2016లో పాత కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడి కచ్చేరులు దగ్గఱకు వచ్చినవి. జ్ఞానమింకను గూడెములకు దూరముననే యున్నది. మీ యూరి పాఠశాల గోడపై ఒక మెదడు బొమ్మ వ్రాయించుడు. చేతి చోటు, మాట చోటు, చూపు చోటు, ఊపిరి చోటు దానిలో పెద్ద అక్షరములతో చూపింపుడు. నెలకొకమారు పది మందిని కూర్చుండబెట్టి దానిని వివరింపుడు. పొలపు నక్షా చదువగల రైతు ఈ నక్షాను తప్పక చదువగలడు. అట్లు చదివిననాడు బిడ్డకు పట్టు వచ్చినచో అతడు పొరుగింటి తలుపు తట్టక ఆసుపత్రి తలుపు తట్టును.